అడుగంటిన నవ్వు

మా బషీరాబాద్‌లో హోటల్ అంటే ఒక అర్థం, హైదరాబాదులో మరో అర్థం. మా వైపు హోటలంటే రోడ్డు పక్కన రేకుల కప్పు కింద ఓ పొయ్యి, దానిమీద పొద్దుటినుంచీ మరుగుతూనే వుండే చాయ్, జల్లెడ నిండా మిర్చి బజ్జీలు, నాలుగు బల్లలు. గల్లా దగ్గర కూర్చున్న ఆసామి మనల్ని చూసి నవ్వడు. నవ్వలేదని మనమూ చిన్నబుచ్చుకోం. తొందర పెడితే పైగా ఆయనే కసురుకుంటాడు, "గంత ఆగం జేస్తే ఎట్ల? నూనె కాగొద్దా?" అని. మనం నోరు మూసుకుని కూర్చుంటాం. ఆయన మనకి అమ్మేది చాయ్, బజ్జీ. ముఖం మాత్రం ఆయన సొంతం. విసుగొస్తే విసుక్కుంటాడు, మనసు బాగుంటే డబ్బుల్లేకుండా ఇంకో బజ్జీ వేస్తాడు.

అదే రైలెక్కి తాండూరు, వికారాబాదు దాటి హైదరాబాదు చేరేసరికి హోటలంటే అద్దాల తలుపులూ, చల్లగాలీ, నున్నటి రాతి బల్లా, ఆ బల్ల వెనక నిలబడి నవ్వే అమ్మాయీ. ఆ నవ్వు గది అద్దెలో కలిసే వుంటుంది. బిల్లులో కాఫీకీ, ఇస్త్రీకీ విడివిడిగా లెక్క రాస్తారు గాని నవ్వుకి పద్దు వుండదు. పద్దు లేని సరుకు కదా అని మనమూ దాని గురించి ఆలోచించం. మన కవులూ, నవలాకారులూ, సినిమావాళ్లూ మాత్రం ఆలోచించారు. ఎలా ఆలోచించారు, ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయారు అన్నది కాస్త చూద్దామని నా ఉద్దేశం.

ముందు ఆ బల్ల వెనక జరిగేదేమిటో చెప్పాలి. మాది కర్ణాటక సరిహద్దు మండలం. కంది చేలు, నాపరాళ్ల గనులు, బండలు నునుపు చేసే మిషన్లు, ఇవే మా ప్రాంతపు బతుకుతెరువు. ఈమధ్య డిగ్రీ చదివిన ఆడపిల్లలు కొందరు హైదరాబాదు హోటళ్లలో "ఫ్రంట్ ఆఫీసు" ఉద్యోగాలకి వెళ్తున్నారు. అలా వెళ్లిన పిల్ల ఒకతె పండక్కి వచ్చినప్పుడు నాతో అన్న మాట చెబుతాను. వాళ్ల నాన్న బండల పనికి పోతాడు.

"చిన్నమ్మా, నాయిన బండలు మోసొచ్చి 'నడుము గుంజుతుంది' అంటె అమ్మ ఉరికి వేన్నీళ్లు కాగబెడ్తది. నేనొచ్చి 'దవడలు గుంజుతున్నయి' అంటె అందరు నవ్వుతరు. ఏసీల నిలబడి నవ్వేటందుకు అలుపేంది అంటరు."

ఈ మాటలో మనం పట్టించుకోవలసినది చాలా వుంది. రాయి మోసినవాడి అలసటకి మన ఇళ్లల్లో ఒక మర్యాద వుంది, ఒక మందు వుంది. నవ్వు మోసినదాని అలసటకి పేరే లేదు. మధ్యాహ్నం రెండింటికి గది ఇస్తామని ముందే చెప్పినా పొద్దున్న ఏడింటికే దిగి "ఇప్పుడే కావాలి" అని బల్ల గుద్దేవాళ్లుంటారు. గదిలో ఏసీ పనిచెయ్యదు. దాన్ని ఆ పిల్ల పాడుచెయ్యలేదు, బాగుచెయ్యడమూ ఆమె చేతిలో లేదు. కాని క్షమాపణ మాత్రం ఆమే చెప్పాలి. దుప్పటి మీద మరకకీ, లిఫ్టు ఆగినందుకూ, పెళ్లివారి బ్యాండు మోతకీ, యజమాని పెంచిన అద్దెకీ, అన్నిటికీ జవాబుదారు ఆ బల్లే. అర్ధరాత్రి తాగొచ్చి ఫోన్ నంబరు అడిగే పెద్దమనిషికీ కోపం చూపించకుండా, చనువివ్వకుండా, మధ్యస్థంగా ఓ నవ్వు నవ్వి తప్పించుకోవాలి. ఆ మధ్యస్థపు నవ్వు ఎంత కష్టమో ఆడవాళ్లకి నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక పుస్తకాల్లోకి వెళ్దాం. అతిథిని ఆదరించే మనిషి బొమ్మ మన సాహిత్యంలో కావాలంటే ముందు గుర్తొచ్చేది పదహారో శతాబ్దపు మనుచరిత్రే. అల్లసాని పెద్దన అందులో ప్రవరుణ్ణి పరిచయం చేస్తూ ఆయన ఇల్లాలి గురించి కూడా ఓ నాలుగు మాటలు చెప్పాడు. వెయ్యిమంది వచ్చినా ఆవిడ వండి అలిసిపోదట. అన్నపూర్ణకి సాటి అట. నడిరేయి అతిథులొచ్చినా లేదనకుండా వడ్డిస్తుందట. చిన్నప్పుడు క్లాసులో ఈ ఘట్టం చదివి పరవశించని వాళ్లుండరు. పద్యం అంత అందమైనది, నాకూ ఇష్టమే. కాని నలభై దాటాక, మన ఇంట్లోనూ అర్ధరాత్రి కుక్కర్ కూత వేయించిన అనుభవాలు కొన్ని గడిచాక, మళ్లీ చదివితే ఓ చిన్న ప్రశ్న పుడుతుంది. అలిసిపోదని ఎవరు చెప్పారు? ఆవిడ చెప్పిందా? లేదు. కవి చెప్పాడు. వచ్చి తిన్నవాళ్ల తరఫున సాక్ష్యం పలికాడు. అతిథిగా వచ్చిన సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్లకి రాసుకుని ప్రవరుడు హిమాలయాలకి వెళ్లిపోయాడు, కథ ఆయన వెంటే వెళ్లిపోయింది. ఆవిడ వంటింట్లోనే వుండిపోయింది, అలసట లేకుండా.

పెద్దనని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన కాలపు మెప్పు అది. కాని ఆ మెప్పులో ఒక చిక్కు వుంది. "ఆవిడ అలిసిపోదు" అని ఒకసారి లోకం ఒప్పేసుకున్నాక ఆవిడ అలిసిపోయే హక్కు పోతుంది. అలిస్తే అది ఒంటి లక్షణం కాదు, గుణంలో లోపమైపోతుంది. ఇవాళ హోటళ్ల ప్రకటనల్లో ఇరవైనాలుగు గంటలూ చిరునవ్వుతో మీ సేవలో అని చదివినప్పుడల్లా నాకు ప్రవరుడి ఇల్లాలే కనిపిస్తుంది. చీర మారింది, చేతిలో గరిటె బదులు గది తాళం వచ్చింది, అంతే.

దీనికి మీరొక జవాబు చెప్పొచ్చు. "డొక్కా సీతమ్మగారు లేరూ? గోదావరి లంకల్లో ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన మహాతల్లి, ఆవిడ మనస్ఫూర్తిగానే పెట్టింది కదా?" అని. నిజమే. 1841లో పుట్టి 1909 దాకా జీవించిన ఆ తల్లి పేరు ఈనాటికీ ఆంధ్రదేశంలో అన్నం ముందు తలుచుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. కాని సీతమ్మగారిది తన ఇల్లు, తన పొలం పండించిన ధాన్యం, తన సంకల్పం. పెట్టాలని తనే అనుకుంది, పెట్టింది. అందులో ఎవరూ నెలకోసారి వచ్చి "అమ్మా, ఈ నెల మీ ఆప్యాయత కాస్త తగ్గిందని ఫిర్యాదు వచ్చింది" అని చీటీ ఇవ్వలేదు. ఆప్యాయతని ఇవ్వడం వేరు, ఆప్యాయతకి హాజరు పట్టీ వేయించుకోవడం వేరు.

ఈ తేడాని శాస్త్రీయంగా పట్టుకున్న పుస్తకం ఒకటి 1983లో అమెరికాలో వచ్చింది. పేరు "ది మేనేజ్డ్ హార్ట్". రాసినావిడ ఆర్లీ హాక్‌షీల్డ్, బర్క్‌లీలో సమాజశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు. ఆవిడ డెల్టా విమాన సంస్థలో ఎయిర్ హోస్టెస్‌ల శిక్షణనీ, పనినీ దగ్గరుండి పరిశీలించింది. పుస్తకం మొదట్లో తన చిన్ననాటి సంగతి ఒకటి చెబుతుంది. తల్లిదండ్రులు విదేశాంగ శాఖలో చేరినప్పుడు పన్నెండేళ్ల పిల్లగా విందుల్లో వేరుశనగ పప్పుల పళ్లెం పట్టుకుని తిరుగుతూ పెద్దవాళ్ల నవ్వుల్ని కింద నుంచి గమనించేదిట. ఏ నవ్వు మనిషిది, ఏ నవ్వు దేశానిది అని అప్పుడే అనుమానం వచ్చిందన్నమాట!

ఆవిడ కనిపెట్టిన మాటని తెలుగులో భావశ్రమ అనుకుందాం. చేతులు పనిచేసినట్టే మనసూ పనిచేస్తుంది, దానికీ జీతం కడతారు, కనుక దాని మీదా యజమాని అజమాయిషీ మొదలవుతుంది. ఇందులో రెండు రకాల నటన వుంటుందంటుంది. ఒకటి పైపై నటన: లోపల మండుతున్నా పెదవి మీద నవ్వు పెట్టుకోవడం. రెండోది లోతు నటన: లోపలి మంటనే ఆర్పుకుని నిజంగా దయ కలిగేలా మనసుని ఒప్పించుకోవడం. డెల్టా వాళ్లు శిక్షణలో పిల్లలకి ఏం నేర్పేవారో తెలుసా? విమానాన్ని నీ ఇంటి ముందుగది అనుకో, ప్రయాణికుల్ని ఇంటికొచ్చిన చుట్టాలనుకో అని. కసురుకునే ప్రయాణికుణ్ణి, భయపడ్డ పసిపిల్లాడనుకో అని. చూశారా, కంపెనీకి కావలసిన ముడిసరుకు ఎక్కడినుంచి వచ్చిందో! మన ముందుగది నుంచి, మన చుట్టాల నుంచి, మనం పిల్లల్ని సముదాయించే ఓర్పు నుంచి. ఇంట్లో ఉచితంగా నేర్చుకున్న విద్యని బయట యూనిఫాం వేసి అమ్ముతున్నారు.

హాక్‌షీల్డ్‌తో నాకు ఒకచోట పేచీ వుంది. ఇంట్లో భావాల ఇచ్చిపుచ్చుకోళ్లకి ఆవిడ పెట్టిన పేరు "కానుక". ఆడవాళ్లు ఆ కానుకలు ఎక్కువ ఇస్తారనీ, ఎందుకంటే ఇవ్వడానికి వాళ్ల దగ్గర వేరే ఆస్తి తక్కువనీ ఒక అధ్యాయంలో చక్కగా చెప్పింది కూడా. అయినా మన తెలుగిళ్లకి కానుక అన్న మాట అంతగా అతకదు. మనకి అది ధర్మం, పెంపకం, పరువు. ఇవ్వకపోతే మాటొస్తుంది. కనుక మన పిల్ల హోటల్ బల్ల వెనక నిలబడేటప్పటికే ఆ నవ్వు సగం ఆమెది కాదు. ఇంట్లో "మూతి ముడుచుకుని తిరక్కు, చుట్టాలేమనుకుంటారు" అన్న శిక్షణ ఇరవయ్యేళ్లు అయ్యే వుంటుంది. ఇల్లు వదిలి ఉద్యోగానికి వెళ్లినా అదే పాఠం, పరీక్ష మాత్రం రోజూ.

ఇలా ఏళ్ల తరబడి నడిస్తే ఏమవుతుంది? దానికి ఇంగ్లీషులో బర్న్ ఔట్ అంటారు. 1974లో న్యూయార్కు మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవాళ్లని చూసి దీని గురించి రాశాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే ఆవిడ దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాకుండా ఉద్యోగ సంబంధమైన స్థితిగా తన పట్టికలో వివరించింది. లక్షణాలు మూడు చెప్పింది: సత్తువంతా వుడిగిపోవడం, పని మీదా మనుషుల మీదా మనసు దూరమై వెగటు పుట్టడం, నేనేమీ సరిగ్గా చెయ్యలేకపోతున్నానన్న భావం. ఇంత చదివాక నాకనిపించింది, దీనికి మన వంటింట్లోనే మంచి మాట వుందని. అడుగంటడం. అన్నం పైన మల్లెపువ్వులా వుంటుంది. నీరు తక్కువై, సెగ ఎక్కువై అడుగున మాడిపోతూ వుంటుంది. మూత తీసి చూసినవాడికి కనపడదు. దగ్గర నిలబడ్డవాళ్లకి ముందు వాసన తెలుస్తుంది. ఆ పిల్ల విషయంలో ఆ వాసన తెలిసేది ఇంట్లోవాళ్లకే. "డ్యూటీల అందరితోని మాట్లాడుత, ఇంటికి ఫోన్ జేస్తె అమ్మతోని మాట్లాడ బుద్ధి కాదు" అంది. పైన నవ్వు హోటలుకి, అడుగున మాడు ఇంటికి.

ఈ మాడుని గుర్తుపట్టిన నవల ఏదైనా వుందా అని వెతికితే నాకు ముందుగా దొరికేది బెంగాలీ రచయిత శంకర్ 1962లో ప్రచురించిన "చౌరంగీ". కలకత్తాలో షాజహాన్ అనే పెద్ద హోటలు, అందులో కొత్తగా చేరిన యువకుడు చెప్పే కథ. 1968లో సినిమాగా వచ్చింది, రిసెప్షనిస్టు సత్యసుందర్ బోస్‌గా ఉత్తమ్ కుమార్ వేశాడు. 2007లో అరుణవ సిన్హా ఇంగ్లీషులోకి తెచ్చాక మళ్లీ లోకమంతా చదివింది. హోటల్ నవలలంటే ఆర్థర్ హెయిలీ "హోటల్" కూడా వుంది, 1965 నాటిది. అది యంత్రం ఎలా తిరుగుతుందో చూపిస్తుంది. శంకర్ మాత్రం మరల మధ్య నలిగే మనుషుల్ని చూపిస్తాడు.

చౌరంగీలో నాకు అన్నిటికన్నా నచ్చినది మిద్దె. కింద అంతస్తుల్లో షాండిలియర్లు, సంగీతం, విందులు. ఉద్యోగులుండేది మాత్రం పై మిద్దె మీద, చిన్న చిన్న గదుల్లో. కింద బల్ల దగ్గర అందరితో చలోక్తులాడే బోస్ బాబు పైకొచ్చాక కోటు విప్పి మామూలు మనిషవుతాడు. ఆకాశం కింద కూర్చుని ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటారు. నవలకి ఊపిరి ఆడేది అక్కడే. దుప్పట్లూ దిళ్లూ చూసే నిత్యహరి అనే ముసలాయన వున్నాడు. అతిథుల పక్కబట్టలు ముట్టుకున్న చేతులకి పాపం అంటిందేమోనని కడుక్కుంటూనే వుంటాడు. మొదటిసారి చదివితే అదొక వేడుక పాత్ర అనిపిస్తుంది. జాగ్రత్తగా చదివితే, పన్నెండేళ్ల తర్వాత న్యూయార్కు డాక్టరు పేరు పెట్టబోయే దాన్ని ఈ బెంగాలీ రచయిత ఒక సబ్బుముక్కతో చెప్పేశాడని తెలుస్తుంది.

కాని ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి శంకర్ చెయ్యి కూడా తడబడింది. కరబి గుహ అనే హోస్టెస్ వుంది. ఒక వ్యాపారి తన అతిథుల్ని సంతోషపెట్టడానికి హోటల్లో సూట్ తీసుకుని ఆమెని నియమించాడు. అంటే నవ్వే ఆమె ఉద్యోగం. ఆమె ఒక గొప్పింటి కుర్రాణ్ణి ప్రేమిస్తుంది, పెళ్లి కుదరదు, ఆత్మహత్య చేసుకుంటుంది. బోస్ బాబు ప్రేమించిన ఎయిర్ హోస్టెస్ సుజాత విమాన ప్రమాదంలో పోతుంది. ముఖాన నవ్వు పెట్టుకు బతికే స్త్రీలు ఇద్దరు, ఇద్దరూ చావుతోనే కథ నుంచి సెలవు తీసుకున్నారు. పాఠకులు కళ్లు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకున్నాను. కాని నిజంగా ఆ ఉద్యోగాలు చేసే పిల్లలకి అంత ఘనమైన విషాదం రాసిపెట్టి వుండదు. వాళ్లు మర్నాడు మళ్లీ ఆరింటికి లేచి, జడ ముడేసుకుని, లిప్‌స్టిక్ దిద్దుకుని డ్యూటీకి వెళ్లాలి. తమ్ముడి ఫీజు కట్టాలి. చావు రాయడం తేలిక, నెలాఖరు రాయడం కష్టం. శంకర్ కరబి మరణాన్ని రాశాడు గాని ఆమె మామూలు మంగళవారాన్ని రాయలేదు. రాసివుంటే చౌరంగీ ఇప్పటికన్నా గొప్ప నవల అయ్యేది.

చావు దగ్గరే ఆగిపోయే అలవాటు సినిమాకి ఇంకా ఎక్కువ. 2008 నవంబరు 26న ముంబైలో దాడులు జరిగినప్పుడు తాజ్ హోటల్ ఉద్యోగులు పారిపోయే దారి తెలిసి కూడా అతిథుల కోసం వుండిపోయారు. వాళ్లలో పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల ధైర్యానికి చెయ్యెత్తి మొక్కాలి, అందులో సందేహం లేదు. ఆ ఘటన మీద ఆంథొనీ మరాస్ తీసిన "హోటల్ ముంబై" 2018లో టొరంటో చిత్రోత్సవంలో మొదట చూపించారు. అందులో దేవ్ పటేల్ వేసిన అర్జున్ అనే వెయిటర్ డ్యూటీకి వస్తూ చెప్పు పోగొట్టుకుంటాడు. తన కాలికి పట్టని వేరేవాళ్ల బూట్లు తొడుక్కుని రాత్రంతా పనిచేస్తాడు. సినిమా మొత్తంలో నన్ను పట్టుకున్నది ఆ బిగుతు బూట్లే. తుపాకులు పేలకపోయి వుంటే కూడా ఆ రాత్రి ఆ కాళ్లు నొప్పి పుట్టేవి కదా! ఆ నొప్పి గురించి ఎవరూ సినిమా తియ్యరు. తుపాకులు రాగానే కెమెరా కాళ్లనొదిలి పైకి వెళ్లిపోయింది, నొప్పి వున్న మనిషి వీరుడైపోయాడు.

ఈ వీరత్వం ఎలా వచ్చిందో తెలుసుకోవాలని హార్వర్డ్ వాళ్ల వ్యాపార పత్రికలో రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా 2011లో ఒక పరిశీలన రాశారు. తాజ్ వాళ్లు పెద్ద నగరాల కన్నా చిన్న ఊళ్ల పిల్లల్ని తీసుకోవడానికి ఇష్టపడతారట. పెద్దలంటే గౌరవం, అణకువ అక్కడ ఇంకా మిగిలి వున్నాయని. శిక్షణా ఎక్కువ కాలం ఇస్తారట, అతిథి మెచ్చుకుంటే ఆ సంగతి ఉద్యోగికి చప్పున తెలిసేలా ఏర్పాటు కూడా వుందిట. ఇది మంచి పద్ధతే. మెప్పు ముఖాన చెప్పడం మనవాళ్లకి ఎంత అరుదో మీకు తెలుసు. కాని చిన్న ఊళ్ల మాట చదివినప్పుడు నాకు మా వైపు తల్లులు కళ్లముందు మెదిలారు. నాపరాళ్ల గనుల ఎండలో పనిచేస్తూ, పెద్దలొస్తే లేచి నిలబడమని పిల్లకి చెప్పిన తల్లి, తనకి తెలియకుండా ఓ పెద్ద పరిశ్రమకి ముడిసరుకు తయారుచేసింది. కంది పండిస్తే మార్కెట్లో ధర అడుగుతాం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అణకువ పండిస్తే ధర ఎవర్నడగాలి?

"మర్యాద కూడా పనేనా? అందరం నటిస్తూనే వున్నాం. అత్తగారి ముందు నటించలేదా, ఆఫీసులో నటించడం లేదా?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్న. నవ్వడమే హాని అని నేననడం లేదు. ఆ ఉద్యోగాన్ని ఇష్టపడి చేసేవాళ్లున్నారు, పదిమందినీ పలకరించడంలో ఆనందం వున్నవాళ్లున్నారు. హాక్‌షీల్డ్ తర్వాత జరిగిన పరిశోధనలు కూడా అందరూ ఒకేలా నలగరనీ, లోపల ఒకటీ పైన ఒకటీగా నడిచే పైపై నటనే మనిషిని ఎక్కువ అలగగొడుతుందనీ చెప్పాయి. కొందరు మేనేజర్లు దీన్నుంచి తీసిన నీతి ఏమిటంటే, "అయితే నిజంగానే ప్రేమించడం నేర్పుదాం" అని! అడుగంటుతున్న గిన్నెలో మరో గరిటె తిప్పడం లాంటిది ఇది. సెగ తగ్గించమని ఎవరూ అనరు.

సెగ తగ్గించడమంటే ఏమిటి? ముఖం దించుకునే చోటు, దించుకునే వేళ. షాజహాన్ హోటల్‌కి మిద్దె వుంది. మన హోటళ్లలో ఆ మిద్దె ఎక్కడ? చాలాచోట్ల బల్ల వెనక కుర్చీ కూడా వుండదు, కూర్చుంటే అతిథికి అమర్యాద అని. కేరళలో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే ఆడవాళ్ల తరఫున కోళికోడ్‌లో పి. విజి అనే దర్జీ నడిపిన "పెన్‌కూట్టు" సంఘం కూర్చునే హక్కు కోసం ఏళ్లతరబడి పోరాడింది. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం సవరించి ఆ హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడూ ఇచ్చింది. కూర్చోవడానికి ఒక చట్టం కావలసి వచ్చిందంటే నవ్వు ఆపడానికి ఎన్ని కావాలో! కుర్చీ ఒకటి, తిట్టిన అతిథి ముందుకి మేనేజరే వచ్చి నిలబడే కట్టుబాటు ఒకటి, రాత్రి డ్యూటీ తర్వాత నిజమైన సెలవు ఒకటి. ఇవేమీ గొప్ప కోరికలు కావు. గనిలో రాయి కొట్టేవాడికి కూడా మధ్యాహ్నం చెట్టునీడ వుంటుంది.

మన వంతు కూడా కొంత వుంది. ఆదివారం వస్తే హైదరాబాదు కార్లన్నీ అనంతగిరి కొండల వైపే. మూసీ పుట్టిన చోటు, పచ్చటి అడవి, ఒకప్పుడు క్షయరోగుల ఆస్పత్రికి పేరుపడ్డ గాలి. ఇప్పుడు రిసార్టులు వచ్చాయి. వారమంతా ఇంట్లో అందరికీ వండి వడ్డించి, నవ్వి, సముదాయించి, ఆ ఒక్క రోజు మనకి ఎవరైనా నవ్వుతూ వడ్డిస్తే బాగుండునని వెళ్తాం. కోరిక తప్పు కాదు. కాని మన అలసట దించుకోవడానికి వెళ్లి దాన్ని ఇంకో ఆడపిల్ల నెత్తిన పెట్టి వస్తే లెక్క ఎక్కడ తేలింది? తిరిగొచ్చాక ఫోనులో చుక్కలు వేస్తాం. గది శుభ్రంగా లేదంటే రాయండి, కూర చల్లారిందంటే రాయండి. "రిసెప్షన్‌లో అమ్మాయి ముఖం ముడుచుకుని వుంది" అని మాత్రం రాయకండి. ఆ ఒక్క వాక్యానికి ఆమె మేనేజరు ముందు మళ్లీ నవ్వుతూ నిలబడాల్సి వస్తుంది. చాయ్ హోటల్ ఆసామికి ఇచ్చిన స్వాతంత్ర్యంలో పావు వంతు ఆ పిల్లకి ఇస్తే మన సొమ్మేమీ పోదు.

కథలు రాసేవాళ్లకి ఓ మాట. మన తెలుగు కథల్లో రిసెప్షనిస్టు చాలాసార్లు వచ్చింది. నాయకుడికి తాళం చెవి ఇచ్చి, ఓ నవ్వు నవ్వి, పేజీ తిప్పేలోగా మాయమైపోతుంది. మా నవలాకారుల కలాలకి ఆమె తలుపు లాంటిది, తోసుకుని లోపలికి వెళ్లిపోతాం. వచ్చే కథలో ఒక్క క్షణం అక్కడ ఆగి చూడండి. ఆమె కాళ్లకి ఏ బూట్లున్నాయి, వెనక కుర్చీ వుందా, ఇందాక ఎవరు అరిచి వెళ్లారు, ఇంటి నుంచి వచ్చిన ఫోను ఎందుకు ఎత్తలేదు. పెద్దన తన ఇల్లాలికి అలసట లేదని రాశాడు. అయిదు వందల ఏళ్లు గడిచాయి. వెయ్యిమందికి వడ్డించిన ఆవిడ చివరికి తను తిన్నదా, ఎన్నింటికి తిన్నది, ఎక్కడ కూర్చుని తిన్నది, ఆ పద్యం ఇంకా రాయవలసే వుంది.